దొరువు గట్టున బొల్లి మామిళ్ళు

మందు కొట్టే పంపు పట్టుకుని ఎవరూ బస్సెక్కకండి. తప్పదనుకుంటే ముందు రోజే కడిగి ఎండబెట్టుకోండి. నేను కడిగాను, ఎండబెట్టాను, అయినా వాసన పోలేదు. ఏళ్ళ తరబడి పట్టిన వాసన ఒక్క రోజు ఎండకు పోతుందా?

మాది చిలకలూరిపేటకు పడమట నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, కొంచెం పొగాకు. నేను మందు కొట్టే కూలీని. నలభై దాటేదాకా నాకు అక్షరం రాదు. మందు డబ్బా మీద విషమని చెప్పే ఎర్ర ముక్కోణం ఒక్కటే గుర్తుపట్టేవాణ్ణి. దాని కింద ఏం రాశారో తెలుసుకోవాలని మా చర్చి పంతులమ్మ గారి రాత్రిబడికి పోయాను. "బైబిలు చదవాలనే కోరికతో వచ్చావా దానియేలూ?" అని పాస్టరు గారు అడిగితే, "ముందు డబ్బా చదవాలండి, తర్వాత బైబిలు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇప్పుడు రెండూ చదువుతాను. డబ్బాల మీద అక్షరాలు మరీ చిన్నవి.

ఇక ప్రయాణం సంగతి. మా అక్క సంతోషమ్మను వాడరేవు దగ్గర ఇసుక పల్లెలో ఇచ్చారు. మా ఊరి సంతకు ఆ వైపు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమెతో మా బావ ఏసుపాదం కబురు చేశాడు. "మామిళ్ళకు బొల్లి వచ్చింది. నిమ్మతోట పోయినట్టే ఇవీ పోయేట్టున్నాయి. పంపు తీసుకుని రమ్మను. మందుతో కుదిరితే సరే, కుదరకపోతే శనివారం నరికించేస్తా." కబురుతోపాటు పాత గుడ్డలో మూటగట్టిన నాలుగు మామిడాకులు కూడా ఇచ్చింది.

ఆకుల మీద తెలుపూ బూడిదా కలిసిన రంగులో చుక్కలున్నాయి. చిన్నవి ఆవగింజంత, పెద్దవి పప్పుబద్దంత. ఊళ్ళో చూసినవాళ్ళు తలో మాట అన్నారు. ఒకడు బూడిద తెగులన్నాడు, ఒకడు పిండినల్లి అన్నాడు, ఒకడు ఏదీ అనకుండానే మందు పేరు చెప్పాడు. మా వైపు అంతే. ఆకు మీద మచ్చ కనిపిస్తే ఇదేమిటని అడగం, దీనికేం కొట్టాలని అడుగుతాం. తెల్లదోమ వచ్చి పత్తిని ఊడ్చేసిన ఏడాది నుంచి ఈ అలవాటు మరీ ముదిరింది. నేనూ వాళ్ళలో ఒకణ్ణే కాబట్టి పంపు, మందు డబ్బా సర్దుకుని గురువారం పొద్దున్నే బయల్దేరాను.

పేట బస్టాండు

చిలకలూరిపేటలో పత్తి ఆడుతున్న రోజులు. మిల్లుల నుంచి దూది పింజలు లేచి కరెంటు తీగలకూ లారీల అద్దాలకూ జనం నెత్తికీ అంటుకుంటున్నాయి. పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా నా ఈడువాళ్ళలా కనిపించారు. బస్టాండు ఎదురుగా టీ అర్ధరూపాయి. మా ఊళ్ళో దానికి రెండు టీలు వస్తాయి, కాకపోతే మా ఊరి టీలో పాలుండవు.

చీరాల బస్సు కండక్టరు నన్ను మెట్టు మీదే ఆపాడు.

"తాతా, వీపుకున్నదేంది?"

"పంపు."

"మందుందా అందులో?"

"పంపులో లేదు. సంచిలో ఉంది."

అతను ఒక మెట్టు వెనక్కి వేశాడు. "దిగు, దిగు! బస్సులో పసిపిల్లలున్నారు."

"మూతకు మైనం పెట్టా. కారదు."

"నువ్వు పెట్టిన మైనం నాకేం తెలుసు?"

వెనక సీటు రైతు ఒకాయన విసుక్కున్నాడు. "ఎక్కించుకోవయ్యా! ఈ బస్సులో మందు వాసన రాని చొక్కా ఒక్కటి చూపించు, నేను దిగిపోతా."

అందరూ నవ్వారు. చివరికి పంపును బస్సు మీదికి ఎక్కించి దానికి లగేజీ టిక్కెట్టు కొట్టారు. డబ్బా మాత్రం నా ఒళ్ళోనే పెట్టుకోవాలన్నాడు. కారితే ముందు నా పంచెకే తగలాలట. న్యాయమే అనిపించింది.

పర్చూరు దారిలో

పర్చూరు దగ్గర నా పక్కనున్నతను దిగిపోయాడు. నడివయసు ఆడమనిషి ఒకావిడ ఎక్కి, వేరే సీటు లేక అక్కడ కూర్చుంది. నూలు చీర, చేతిసంచి. మెడలో మంగళసూత్రంతోపాటు నల్లదారానికి చిన్న భూతద్దం ఒకటి వేలాడుతోంది. అట్టాంటి నగ నేనెక్కడా చూడలేదు.

"మందాండీ అది?" అని అడిగింది, ముక్కు మూసుకోకుండానే.

"అవునమ్మా. మా అక్కావాళ్ళ మామిళ్ళకు బొల్లి వచ్చింది." మూట విప్పి ఆకులు చూపించాను.

ఆమె ఒక ఆకు తీసుకుని, అద్దం కంటికి ఆనించుకుని, ఆకును ముక్కు దాకా తెచ్చుకుంది. దారిపక్కన పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండు దాటిపోయాయి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"మందు కొట్టకండి బాబాయి గారూ," అంది చివరికి. "ఇది తెగులు కాదు."

"మరేంది?"

"బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు తెలుసు కదా? దాని చుట్టం. లైకెన్ అంటారు. రాతిపువ్వు రాళ్ళ మీదా మానుల మీదా పెరుగుతుంది. ఇది ఆకు మీదే పుట్టి ఆకు మీదే బతుకుతుంది."

ఆమె చీరాలలో కాలేజీ పిల్లలకు మొక్కల శాస్త్రం చెబుతుందట. ఓపిగ్గా చెప్పింది. ఆ చుక్కలో ఉండేది ఒక్క ప్రాణి కాదు. బూజు జాతిది ఒకటి, నాచు జాతిది ఒకటి. బూజు గోడలు కట్టి తడి పట్టి ఉంచుతుంది, నాచు ఎండ తీసుకుని వంట చేస్తుంది. రెండూ కలిసి తింటాయి. ఆకు ఇచ్చేది కూర్చోవడానికి చోటు మాత్రమే.

"ఊరికే కూర్చునేవాడు ఏదో ఒకటి తినకుండా ఉంటాడా మేడం?" అన్నాను.

ఆమె నవ్వింది. "కొంచెం ఎండకు అడ్డొస్తుంది. అంతకంటే నష్టం లేదు."

అద్దం నా చేతికిచ్చింది. బస్సు కుదుపులకు మొదట నా బొటనవేలే కనిపించింది. తర్వాత మచ్చ దొరికింది. సున్నం పూసిన నేలలా ఉంది, దాని మీద చిన్న చిన్న రేకులు చేప పొలుసులు నిలబెట్టినట్టు లేచి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆకుల మధ్యే బతికాను. ఒక ఆకును ఇంత దగ్గరగా, చంపాలనే ఆలోచన లేకుండా చూడటం అదే మొదటిసారి.

దాని పేరడిగితే గయలెక్టిడియం అంది. ఖాయంగా చెప్పాలంటే కాలేజీలో పెద్ద అద్దం కింద చూడాలట, కానీ ఆ జాతిదే అయి ఉండాలంది. నేను ఒక్కసారికే తిరిగి పలికితే ఆశ్చర్యపోయింది. మోనోక్రోటోఫాస్ లాంటి మందు పేర్లు పలికే నోటికి అదొక లెక్కా!

"ఇవి వాన ఎక్కువ పడే మలబారు వైపు అడవుల్లో బాగా ఉంటాయి. మన వైపు అరుదు. నీడ కావాలి, తడి కావాలి, ఏడాదికి పైగా రాలకుండా ఉండే ఆకు కావాలి. మందు పడే చోట బతకవు."

నేను కిటికీలోంచి చూశాను. రెండు పక్కలా పత్తి, మిరప. ఆ చేలల్లో ఏడాది బతికే ఆకు ఏదీ లేదు. బతికిన నాలుగు నెలలూ అది తడిసేది వానకన్నా నా పంపుతోనే ఎక్కువ.

అయినా నేను మొహమాటపడే మనిషిని కాను. "మీరు చెప్పింది వినడానికి బాగుంది మేడం. మా బావకు నిమ్మతోట మొత్తం పోయింది. ఇప్పుడు మీ మాట నమ్మి ఊరుకుని, ఈ చెట్లూ పోతే మీరు తెచ్చిస్తారా?"

ఆమెకు కోపం రాలేదు. "తెచ్చివ్వలేను. మీరే చూసుకోండి. గోటితో గీకండి. తెగులైతే ఆకును తినేసి ఉంటుంది. కింద ఆకు పచ్చగా ఉంటే మీ ఇష్టం."

గీకాను. మచ్చ పొడిగా రాలి గోట్లోకి వచ్చింది. కింద ఆకు పచ్చగా, నున్నగా ఉంది. ఆమె నన్నడిగి రెండు ఆకులు తీసుకుని పుస్తకంలో పెట్టుకుంది. చీరాలలో దిగి వెళ్ళిపోయింది. పేరు అడగడం మరిచిపోయాను.

చీరాలలో భోజనం

చీరాల వీధుల్లో ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే. మా ఊళ్ళో మాట్లాడాలంటే అరుస్తాం, ఇక్కడ మగ్గం ఆగే సందు చూసుకుని మాట్లాడతారు. అదొక పద్ధతి.

హోటలు యజమాని డబ్బాను చూసి, దాన్ని వేపచెట్టు కింద పెట్టి వస్తేనే విస్తరి వేస్తానన్నాడు. పెట్టి వచ్చాను. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు. కూర నోట్లో పెట్టుకుని వడ్డించే అతన్ని పిలిచాను.

"అబ్బాయ్, ఇందులో కారం వెయ్యడం మరిచిపోయారా?"

"మెట్టోళ్ళా?" అన్నాడు. "మీ వైపోళ్ళు వస్తే మాకు ఇదే గొడవ." పచ్చడి గిన్నె తెచ్చి నా ముందే పెట్టేసి పోయాడు. మిరపకాయ పండించే వాళ్ళు నోరు మండకపోతే భోజనం చేసినట్టే అనుకోరని నాకప్పుడు తెలిసింది. అందరి నోళ్ళూ మా నోళ్ళలాంటివే అనుకునేవాణ్ణి.

వాడరేవు బస్సులో అందరూ చేపలమ్మి ఖాళీ తట్టలతో తిరిగిపోయే ఆడవాళ్ళే. నా సంచి పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం కంపు తాతా ఇది!"

"మీ తట్టలకన్నానా?"

"మా చేప కంపు కొట్టినా కూరొండుకుని తింటారు. నీ డబ్బాలోది వండుకుంటారా?"

బస్సంతా నవ్వింది. దిగేటప్పుడు ఆమే నా పంపును కిందికి అందించింది, చేయి కొంగుకు తుడుచుకుంటూ.

వాడరేవు

సముద్రం గురించి నేను రాయను. పెద్దది, ఉప్పగా ఉంటుంది, చప్పుడు చేస్తుంది. నన్ను ఆపింది ఇసుక. రేగడిలో నడిచిన కాళ్ళకు అది అడుగడుక్కీ వెనక్కి లాగేస్తుంది. పంపు వీపున వేసుకుని అక్క ఇంటికి చేరేసరికి చెమటతో తడిసిపోయాను. దారిపొడుగునా నేల మీద చేపలు ఆరబోసి ఉన్నాయి. మా కల్లాల్లో మిరపకాయలు ఇట్టాగే ఆరబోస్తాం, కాకపోతే మా కల్లాల చుట్టూ కాకులు తిరగవు.

మా అక్కకు నాకన్నా ఐదారేళ్ళు ఎక్కువ. నన్ను చూడగానే, "ఎండుకుపోయావేందిరా! మీ ఊళ్ళో అన్నం వండటం మానేశారా?" అంది. మాగచేపల పులుసు పెట్టింది. తర్వాత చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి చెంబులోకి చూశాను. సముద్రం కనుచూపు మేరలో ఉంది, నీళ్ళేమో కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగితే పళ్ళు పసుపెక్కుతాయి.

"దొరువు నీళ్ళు," అంది అక్క.

దొరువంటే బావి కాదు. ఇసుకలో వాలుగా తవ్విన పెద్ద గుంట. ఆడవాళ్ళు కుండలతో లోపలికి దిగి ముంచుకుని పైకి వస్తారు. మా అక్కావాళ్ళ దొరువు గట్టున నాలుగు నాటు మామిళ్ళున్నాయి. కొమ్మలు గుంట మీదికి వంగి లోపలంతా చీకటిగా, చల్లగా ఉంది. ఆ చెట్లు లేకపోతే గాలికి ఇసుక కొట్టుకొచ్చి దొరువు పూడిపోతుందట. నీళ్ళ కోసం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ ఇక్కడికే వస్తారు. కింది కొమ్మల ఆకులన్నీ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

దొరువు పక్కనే నిమ్మతోట. తోట అనకూడదు. నల్లబడిన మోళ్ళు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. రెండేళ్ళయిందట చచ్చి. ఎవరూ నరకలేదు.

ఆకుల మధ్య గొడవ

శుక్రవారం పొద్దున్నే బావ బక్కెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. "కలుపు."

నేను మామిళ్ళ కింద నిలబడి పైకీ కిందికీ చూశాను. పైన ఆకులు, కింద నీళ్ళు. ఆకు మీద కొట్టిన ప్రతి చుక్కా కిందికి జారి చేరేది ఆ గుంటలోకే.

"ఇక్కడ కొట్టను బావా."

"మరి పంపు మోసుకొచ్చిందెందుకురా, ఊరేగించడానికా?"

"కొడితే సాయంత్రానికి మీ కుండల్లో ఉండేది మందే."

"ఒక వారం వేరే చోట తెచ్చుకుంటాం."

"వారంతో పోదు. ఇసుకలో దిగిందాన్ని ఎవరు తోడతారు?"

"అయితే రేపు నరికిస్తా. మనుషులకు చెప్పాను."

బస్సులో మేడం చెప్పిందంతా చెప్పాను. రాతిపువ్వు, బూజు, నాచు, గయలెక్టిడియం. అంతా విన్నాక బావ అన్నాడు.

"నిమ్మతోటకూ చదువుకున్నాయన ఒకడొచ్చి చూశాడు. ఏం కాదు, నీళ్ళు ఎక్కువయ్యాయి, తగ్గించమన్నాడు. తగ్గించా. ఊరుకున్నా. ఒక్కో చెట్టూ నా కళ్ళముందే మాడిపోయింది. మళ్ళీ ఏం కాదని ఇంకొకరు చెబితే నమ్మమంటావు. నువ్వు పూచీ ఉంటావా?"

ఉంటానని అనాలనిపించింది. అనలేదు. "నాకు తెలియదు బావా. గీకితే పోయింది, కింద ఆకు బాగుంది. నేను చూసింది అంతవరకే."

ఆయన బక్కెట్టు తన్ని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నేను చెట్ల కిందే ఉన్నాను. ఆకు తర్వాత ఆకు తిప్పి చూశాను. తెగులైతే లేత ఆకును ముందు పట్టుకుంటుంది, ఇది ఎవరికైనా తెలుసు. ఇక్కడ లేత ఆకులు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. ముదురు ఆకుల్లో అక్కడొకటి అక్కడొకటి చుక్క. అన్నిటికన్నా పాత ఆకులకే నిండా ఉన్నాయి, నా చేతుల మీద వయసుతో వచ్చిన మచ్చల్లాగా. అవి ఒక్కటీ ఎండలేదు, ముడుచుకోలేదు. సాయంత్రం కొన్ని కోసి తీసుకెళ్ళి బావ మంచం మీద పెట్టాను. ఆయన మంచం అవతలి వైపుకు తిరిగి పడుకున్నాడు.

శనివారం

ఎండ పూర్తిగా రాకముందే చెట్లు కొట్టే మస్తాను, అతని తమ్ముడు గొడ్డళ్ళతో వచ్చారు. మస్తాను మామిడి మాను చుట్టూ తిరిగి చేత్తో తట్టి చూశాడు. "బాగా చేవ పట్టిందండి. ఇది పోయేదేనా పెద్దాయనా?"

బావ తల ఊపాడు.

అప్పుడే అక్క నీళ్ళ కుండతో దొరువులోంచి పైకి వస్తోంది. నాకు ఇంకో దారి తోచక అడిగాను. "అక్కా, ఈ మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయే?"

"ఏవి, చుక్కలాకులా? నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా."

"అప్పటి నుంచా?"

"మా అత్త ఆ పేరే పెట్టింది వాటికి. చెట్టుకు దేవుడే దిష్టిచుక్క పెట్టాడనేది. నాకు పెద్దోడు పుట్టినప్పుడు చుక్కలు నిండుగా ఉన్నవి ఏరి ఉయ్యాల తాడుకు కట్టింది. పాస్టరు గారు వస్తే తీసేసేది, పోయాక మళ్ళీ కట్టేది."

మస్తాను తమ్ముడు నవ్వాడు. బావ నవ్వలేదు. "మరి నాకెందుకు చెప్పలేదే?"

అక్క కుండ దించలేదు. నెత్తి మీద అట్టాగే ఉంచుకుని ఆయన వైపు తిరిగింది.

"చెప్పా. నిరుడూ చెప్పా, మొన్నా చెప్పా. వింటేగా! అంతకు ముందు నువ్వు ఏనాడైనా ఆకు వంక చూశావా? కాయ వంకే చూసేవాడివి. నిమ్మతోట పోయినప్పటి నుంచి పొద్దున లేస్తే ఆకులు తిప్పి తిప్పి చూస్తన్నావు. చూస్తే కనపడకేం చేస్తాయి?"

మస్తాను గొడ్డలిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

బావ చెయ్యెత్తి చేతికందిన కొమ్మ నుంచి ఒక ఆకు తెంపాడు. పంచె చెంగుతో తుడిచాడు. మచ్చ పోలేదు. బొటనవేలి గోటితో గీకాడు, నెమ్మదిగా, ఒక చుక్క, తర్వాత ఇంకో చుక్క, ఆకు ఒక పక్క అంతా శుభ్రమయ్యేదాకా. దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పచ్చగా ఉంది.

"పెద్దాయనా, ఏ చెట్టు?" అన్నాడు మస్తాను.

బావ ఆకును కింద పడేశాడు. "ఇటు రండి," అని నిమ్మతోటలోకి నడిచాడు.

మొదటి మోడు ఆయనే నరికాడు. మస్తాను చేతిలోంచి గొడ్డలి తీసుకుని, వంగి, మొదలు దగ్గర కొట్టాడు. ఎండిన కట్టె, ఎక్కువ దెబ్బలు పట్టలేదు. అది పడ్డాక గొడ్డలి తిరిగిచ్చేశాడు. నా వైపు చూడకుండా, "వీటిని నరకమని చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదురా," అన్నాడు.

నేనూ వెళ్ళి కొమ్మలు లాగడం మొదలుపెట్టాను. నిమ్మముల్లు పచ్చిగా ఉన్నప్పటికన్నా ఎండాక ఎక్కువ లోతుగా దిగుతుంది, లోపలే విరిగిపోతుంది. మా ఇద్దరికీ అలవాటు లేని పని కాదు, అయినా చూసుకోకుండా చేశాం. పొద్దు వాలేసరికి వరసలన్నీ నేలమట్టమై, ఇంటి నుంచి చూస్తే సముద్రం దాకా అడ్డం లేకుండా పోయింది.

అక్క మమ్మల్నిద్దరినీ మామిళ్ళ కింద గట్టు మీద కూర్చోబెట్టి, సూది తెచ్చి ముళ్ళు తీసింది. ముందు బావ చేతిలోవి, తర్వాత నా చేతిలోవి. "కదలమాకండి, చేతులు ఇట్టా పెట్టండి," అని చిన్నపిల్లల్ని కసిరినట్టు కసురుతూనే ఉంది. బావ అరిచెయ్యి చాపుకుని, పైన ఆకుల్ని కాకుండా, ఆమె చేసే పనినే చూస్తూ కూర్చున్నాడు.